తుపాను ఊళ్ళో హైస్కూలు అమ్మాయిలకు ఏ పని అప్పగించాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. దివిసీమలో సముద్రానికి దగ్గరి పంచాయతీ. హైస్కూల్లో 7 నుంచి 10 వరకు అరవై మంది దాకా అమ్మాయిలు. ఏటా అక్టోబరు 13న విపత్తు నివారణ దినం అని ర్యాలీ తీస్తారు, వ్యాసరచన పోటీ పెడతారు, అంతటితో సరి. అమ్మాయిలు ఊరి తుపాను సన్నద్ధతలో నిజంగా పనికొచ్చేలా, వాళ్ళకు ప్రమాదం లేకుండా, ఇళ్ళల్లో ఒప్పుకునేలా ఏం చేయొచ్చు? వాతావరణ మార్పు సంగతిని అందులో ఎలా కలపాలి?

ముందు ఒక గీత గీసుకోండి. అమ్మాయిల పని తుపానుకు ముందు నెలల్లో ఉంటుంది, తుపాను వెళ్ళాక వారాల్లో ఉంటుంది. గాలి మొదలయ్యాక వాళ్ళకు ఏ పనీ ఉండదు, అందరు పిల్లల్లాగే షెల్టర్లో ఉంటారు. సహాయక చర్యలకు శిక్షణ ఇచ్చే ఆపద మిత్ర పథకంలోనే కనీస వయసు 18. అంతకన్నా చిన్న పిల్లలతో తాళ్ళు పట్టించడం, పడవ ఎక్కించడం పెట్టుకోవద్దు. ఈ గీత కాగితం మీద రాసి తల్లులకు చూపిస్తే సగం అభ్యంతరాలు అక్కడే తీరిపోతాయి.

మరి మిగిలేదేమిటంటే కొలవడం, రాయడం, అడగడం. ఊళ్ళో ఈ మూడూ ఎవరూ చేయరు. వీఆర్వోకు మూడు ఊళ్ళుంటాయి, గ్రామ సచివాలయం సిబ్బందికి సర్వేలు తెమలవు. ఎనిమిదో తరగతి అమ్మాయికి లెక్క వచ్చు, రాత బాగుంటుంది, ఏ ఇంటి వంటగదిలోకైనా వెళ్ళగలదు. మంచం పట్టిన నాయనమ్మ ఎక్కడ పడుకుంటుందో, ఎవరికి నెలలు నిండాయో ఆమెకు తెలిసినట్టు మగ ఉద్యోగికి తెలియదు.

ఆడపిల్లలే ఎందుకు అని పంచాయతీలో అడుగుతారు. బంగ్లాదేశ్‌లో 1991 ఏప్రిల్ 29 తుపానులో దాదాపు 1,38,000 మంది పోయారు. 20 నుంచి 44 ఏళ్ళ వాళ్ళలో వెయ్యికి ఆడవాళ్ళు 71 మంది, మగవాళ్ళు 15 మంది అని లెక్క తేలింది. హెచ్చరిక బజారు దగ్గర, మగవాళ్ళ చెవిలో ఆగిపోయింది. ఇంటాయన వచ్చి చెబితే గానీ ఆడవాళ్ళు గడప దాటలేదు. షెల్టర్లో వాళ్ళకు వేరే చోటు లేదు. చంకలో పిల్లలు, కాళ్ళకు చుట్టుకునే చీర, ఈత రాకపోవడం. ఇప్పుడు అక్కడి తుపాను సన్నద్ధత దళంలో 76 వేల మంది వాలంటీర్లుంటే సగం మంది ఆడవాళ్ళే. మన దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మీ ఊరికి నేను చెప్పక్కర్లేదు. ఆ రోజు పది వేల మందికి పైగా పోయారు. ఏ ఇంట్లో ఎవరు పోయారో పెద్దవాళ్ళను అడిగి చూడండి, ఆడవాళ్ళు, పిల్లల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి.

ఇక జట్టు. అరవై మందీ వద్దు, పన్నెండు నుంచి పదహారు మంది చాలు. ఊరి నడిబొడ్డు నుంచే అందర్నీ తీసుకుంటే మొదటి తప్పు అక్కడే జరిగినట్టు. ఎస్సీ కాలనీ, పల్లెకారుల పేట, కాలవ గట్టు మీద ఉండే యానాదుల ఇళ్ళు, అన్ని చోట్ల నుంచీ కనీసం ఇద్దరిద్దరు ఉండాలి. ఒక్కరే ఉంటే మాట్లాడరు, ఇద్దరుంటే మాట్లాడతారు. బడి మానేసి రొయ్యల షెడ్డుకు వెళ్ళే అమ్మాయిలు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి, కాబట్టి సమావేశం బడి వేళల్లో పెడితే కుదరదు. నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు, అంగన్వాడీ కేంద్రంలో పెట్టుకోండి. డ్వాక్రా గ్రామ సమాఖ్య నుంచి ఒక తల్లి ప్రతిసారీ ఉండాలి, దీపాలు పెట్టే వేళకు పిల్లలు ఇంట్లో ఉండాలి. ఇంటింటికీ తిరిగే పని ఎప్పుడూ జంటగానే.

జట్టు రెండేళ్ళలో మాయమవుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోండి. పది పాసవ్వగానే సగం మంది ఇంటర్‌కి హాస్టల్‌కి పోతారు. పదో తరగతి వాళ్ళను నాయకులుగా పెట్టి నడిపిన జట్లన్నీ ఏప్రిల్‌లో కూలిపోవడానికి కారణం ఇదే. ఏడు, ఎనిమిది తరగతుల నుంచి తీసుకుని, ప్రతి పెద్దమ్మాయి పక్కన ఒక చిన్నమ్మాయిని కట్టండి. రిజిస్టరు ఇద్దరి చేతిరాతలోనూ ఉండాలి.

మొదటి పని పటం. చార్టు మీద మొదలుపెట్టకండి. చార్టు చుట్టూ నలుగురే పడతారు, స్కెచ్ పెన్ను పట్టుకున్నమ్మాయే ఊరంతా గీసేస్తుంది. బడి ఆవరణలో ఆరు మీటర్లు పొడవు, ఆరు మీటర్లు వెడల్పు చోటు ఊడ్చి, ముగ్గుపిండితో వేయించండి. ఐదు కిలోల పిండి, మూడు రంగులు చాలు. ఒక్కో పేట పిల్లలు తమ పేటను ముందు విడిగా వేసి, తర్వాత కలపాలి. కలిపేటప్పుడు కాలవ రెండు చోట్ల కనిపిస్తుంది, దారి కలవదు, గొడవ పడతారు. పడనివ్వండి, ఊరి పటం తయారయ్యేది ఆ గొడవలోనే. ఇళ్ళు, బోర్లు, ట్రాన్స్‌ఫార్మరు, కల్వర్టులు, రొయ్యల చెరువుల గట్లు, షెల్టరు, బడి, గుడి, చర్చి అన్నీ రావాలి. గత పాతికేళ్ళలో తవ్విన చెరువులు, ఎత్తు పెంచిన రోడ్లు వేరే రంగులో వేయాలి. 1977లోనో 1990లోనో నీళ్ళు ఎటు పోయాయో పెద్దవాళ్ళు చెబుతారు గాని, ఇప్పుడా మురుగు కాలవకు అడ్డంగా చెరువు గట్టు ఉంటే నీళ్ళు అటు పోవు.

తర్వాత ఆ ముగ్గు పటం చుట్టూ పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయో అడిగించండి. ఇక్కడ రెండు మోసాలున్నాయి. "పీకలోతు వచ్చాయి" అన్నావిడ 1977లో ఎనిమిదేళ్ళ పిల్ల అయితే, అది మీటరు లోతే. అందుకే ప్రతి సమాధానం పక్కనా "అప్పటికి వయసెంత" అని రాయాలి. రెండోది, రోడ్డు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ నేల ఎత్తు పెరిగింది, కాబట్టి ఇప్పటి నేల నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. ఎప్పుడూ మారని గుర్తు ఒకటి కావాలి. పాత రామాలయం మెట్టు, చర్చి అరుగు, పాత బావి గట్టు, ఏదైనా సరే. దాన్ని సున్నా అనుకోండి.

ఆ సున్నా నుంచి ఇళ్ళ ఎత్తు కొలవడానికి తాపీ మేస్త్రీల లెవెల్ పైపు తెచ్చుకోండి. పారదర్శకంగా ఉండే సన్నటి గొట్టం, ఇరవై మీటర్లు, అందులో రంగు కలిపిన నీళ్ళు. ఒక కొన రామాలయం మెట్టు దగ్గర స్కేలుకు ఆనించి ఒక అమ్మాయి, రెండో కొన ఇంటి గడప దగ్గర స్కేలుకు ఆనించి ఇంకో అమ్మాయి. నీళ్ళు కదలడం ఆగాక ఇద్దరూ ఒకేసారి అంకె చదవాలి. రెండు అంకెల తేడాయే ఎత్తు తేడా. మెట్టు దగ్గర 40, గడప దగ్గర 95 వస్తే ఆ గడప 55 సెంటీమీటర్లు పల్లం. గొట్టంలో గాలి బుడగ ఉంటే అంకె తప్పు వస్తుంది, అందుకని నింపాక పైకెత్తి వేలితో తట్టుకుంటూ బుడగలు బయటికి పంపాలి. చదివేటప్పుడు రెండు కొనలూ తెరిచి ఉండాలి. ఒలికిపోతుందని బొటనవేలు మూసిపెట్టడం మామూలుగా జరిగే పొరపాటు. ఇరవై మీటర్లు దాటాక కొత్త గుర్తు పెట్టుకుని ముందుకు పోవాలి, చివర్న మళ్ళీ రామాలయం దాకా వెనక్కి కొలుచుకుంటూ రావాలి. సున్నాకు ఐదు సెంటీమీటర్లు అటూ ఇటూ వస్తే పరవాలేదు, పది దాటితే మళ్ళీ కొలవాలి.

ఈ పని నాలుగు ఆదివారాలు పడుతుంది. చేతికొచ్చేది ఊళ్ళో అన్ని గడపలూ పల్లం నుంచి మెరకకు వరసగా రాసిన జాబితా. తుపాను వేళ ఎవర్ని ముందు కదిలించాలో ఇది చూసి చెప్పొచ్చు. ఇలాంటి జాబితా ఉన్న పంచాయతీలు చాలా తక్కువ. ముందు కదలాల్సిన ఇళ్ళు ఏ పేటలో ఉన్నాయో, షెల్టరు ఏ పేటలో కట్టారో పక్కపక్కన పెట్టి చూస్తే కొందరికి మింగుడు పడదు, అది కూడా ముందే అనుకోండి.

రెండో పని ఇళ్ళ జాబితా. గర్భిణులు, నెలలు నిండే తేదీ, ఏడాది లోపు పిల్లలు, మంచం పట్టినవాళ్ళు, చూపు, వినికిడి లేనివాళ్ళు, ఇన్సులిన్, ఫిట్స్ మందులు వాడేవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు, వేటకు పోయిన మగవాళ్ళ ఇళ్ళు. ఆశా కార్యకర్త దగ్గర కొంత ఉంటుంది, దాంతో సరిచూసుకోండి. ప్రతి పేరు పక్కనా ఆ మనిషిని ఎవరు, దేని మీద తీసుకెళ్తారో రాయాలి: "ఆటో", "మంచంతో సహా నలుగురు". ఆ గడి ఖాళీగా ఉంటే జాబితా ఉన్నా లేనట్టే. ఏప్రిల్ చివర్న ఒకసారి, సెప్టెంబరు చివర్న ఒకసారి తిరగరాయాలి, ఎందుకంటే మన తీరానికి మే నెల, ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. ఈ జాబితాను గోడకు అంటించకండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒంటరి ఆడవాళ్ళు ఎవరెవరో ఊరంతటికీ చెప్పినట్టవుతుంది. రెండే ప్రతులు ఉండాలి. ఒకటి సచివాలయంలో మహిళా పోలీసు దగ్గర, ఒకటి ఏఎన్ఎం దగ్గర.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, షెల్టరు కొలత. షెల్టర్లు కట్టేది, తాళాలు పెట్టుకునేది, గదులు పంచేది మగవాళ్ళు. రాత్రంతా అందులో ఇబ్బంది పడేది ఆడపిల్లలు. టేపు వాళ్ళ చేతికిచ్చి లోపలికి పంపండి.

సహాయ శిబిరాలకు జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో కనీస ప్రమాణాలు పెట్టింది. మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకు 3 లీటర్ల తాగునీరు, 30 మందికి ఒక మరుగుదొడ్డి, అది శిబిరానికి 50 మీటర్ల లోపు. దీంతో మీ బడినే లెక్క కట్టించండి. ఏడు మీటర్లు, ఆరు మీటర్ల గదులు ఐదు ఉంటే 210 చదరపు మీటర్లు. 3.5తో భాగిస్తే 60 మంది. పంచాయతీ కాగితంలో అదే బడి ఎదురుగా "సామర్థ్యం 400" అని ఉంటుంది. ఒక్క రాత్రికి ఇరుక్కుని కూర్చుంటారు, నిజమే, మూడు రోజులకు కుదరదు. 400 మందికి తాగునీరు రోజుకు 1,200 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు అరవై. మరుగుదొడ్లు పద్నాలుగు కావాలి. బడిలో ఉన్నవి నాలుగు, అందులో ఒకటి సామాన్ల గది. ఈ నాలుగు లైన్లు పిల్లలు గ్రామసభలో చదివితే ఉపన్యాసం అక్కర్లేదు.

తర్వాత చూడాల్సినవి. మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందా, పనిచేస్తుందా? నీళ్ళు మోటారు మీద వస్తాయా? వస్తే కరెంటు పోయాక రావు, కాబట్టి డ్రమ్ములు కావాలి. మరుగుదొడ్డికి వెళ్ళే దారి చీకట్లో ఎలా ఉంటుంది, సోలారు లైటు ఒకటైనా ఉందా? ఆడవాళ్ళ గది మరుగుదొడ్డి వైపు ఉందా, లేక మగవాళ్ళ మధ్య నుంచి నడవాలా? వాడిన ప్యాడ్లు వేయడానికి మూత ఉన్న బుట్ట, గుడ్డలు ఆరేసుకోవడానికి చాటు, పాలిచ్చే తల్లికి ఒక మూల. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, ఆ మనిషి ఊళ్ళో లేకపోతే రెండో తాళం ఎవరి దగ్గర? ఈ ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, వానలో జనం షెల్టరు మెట్ల మీద నిలబడిపోవడానికి ఎక్కువసార్లు కారణం అదే.

అమ్మాయి సంచి గురించి. ప్రతి ఇంట్లో అందరికీ ఒక సంచి చెబుతారు, అందులో ఆడపిల్లకు కావలసినవి ఉండవు. విడిగా చిన్న సంచి ఉండాలి. మూడు రోజులకు పదిహేను ప్యాడ్లు లేదా ఐదారు గుడ్డ ప్యాడ్లు, రెండు జతల లోదుస్తులు, సబ్బు, ముదురు రంగు చున్నీ, వాడినవి వేసుకునే జిప్పు కవర్లు, టార్చి, ఈల. చీర, లంగాఓణీ వద్దు, పంజాబీ డ్రెస్సు నయం, పొడవు జడ ముడేసుకోవాలి. ఇంకో జిప్పు కవర్లో ఆధార్, స్టడీ సర్టిఫికెట్, జనన ధ్రువపత్రం, వీటి ఫోటోలు అమ్మ ఫోన్లో కూడా. జనన ధ్రువపత్రం ఎందుకంటే, తుపాను తర్వాత ఇల్లు గడవక పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి కుదిరిస్తే వయసు తేల్చేది ఆ కాగితమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో, ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. దీనికి తుపాను నష్టం తోడైతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

హెచ్చరికల విషయంలో ఊళ్ళో ఒక అపోహ ఉంది, పిల్లలతో పోగొట్టించండి. "మచిలీపట్నంలో ఏడో నంబరు ఎగరేశారు, ఐదు కన్నా పెద్దది" అనుకుంటారు. ఆ నంబర్లు ఓడరేవులకు, ఓడలకు. 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం, తేడా అంతా తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందన్నదే. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే ఇంకా తీవ్రమైన తుపానుకు. ఊరికి కావలసింది వాతావరణ శాఖ నాలుగు దశలు. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, తీరం దాటడానికి 12 గంటల ముందు ఎరుపు. జట్టు పనిని వీటికి ముడిపెట్టండి. తొలి సూచన రాగానే జాబితా సరిచూడటం, షెల్టరు తాళం, డ్రమ్ములు చూసి రావడం. పసుపులో పల్లపు ఇళ్ళకు జంటగా వెళ్ళి చెప్పడం. నారింజ వచ్చాక పల్లపు ఇళ్ళ పిల్లలు సొంత కుటుంబంతో ముందే షెల్టరుకు, మిగతావాళ్ళు ఇళ్ళకు. అక్కడితో పని ఆఖరు. రిజిస్టరు పెద్దవాళ్ళ చేతికి పోతుంది.

చెప్పే మాట కూడా ముందే రాసి పెట్టుకోవాలి. "ప్రజలు అప్రమత్తంగా ఉండవలెను" అంటే ఎవరూ కదలరు. "రేపు రాత్రి తుపాను దాటుతుంది. కాలవ గట్టు, కాలనీ ఇళ్ళ వాళ్ళు రేపు మధ్యాహ్నం రెండు లోపు హైస్కూలుకి రావాలి. కాగితాలు, మందులు, ఒక దుప్పటి తెచ్చుకోండి. గేదెల పలుపులు విప్పేయండి." ఇలా ఉండాలి. ఆఖరి వాక్యం లేకపోతే మగవాళ్ళు గేదెల కోసం ఆగిపోతారు. గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట అన్నీ వాడుకోండి. అమ్మాయిల చేతిలో ఫోను ఉండదు, చాలామంది తల్లుల చేతిలోనూ ఉండదు, కాబట్టి ఫోను మీదే నడిచే ఏర్పాటు సగం ఊరిని వదిలేస్తుంది.

ఇంకో రెండు సంగతులు పిల్లలకు తప్పక నేర్పాలి. తుపాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. ఆ మధ్యలో ఇల్లు చూసొస్తామని బయల్దేరినవాళ్ళు దారిలో చిక్కుకుంటారు. రెండోది, మన తీరంలో తుపాను దాటే చోటుకు కుడి పక్క, అంటే ఉత్తరపు వైపు, గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, ఉప్పెన అటే ఎక్కువ. "తుపాను మనకు దక్షిణాన దాటుతుందట, మనకేం లేదు" అనుకోవడం ప్రాణం మీదికి తెచ్చే మాట. బులెటిన్లో ఉప్పెన ఎత్తు మామూలు పోటు మీద అదనంగా ఎంత అన్నదే చెబుతారు. అమావాస్య, పౌర్ణమి పోట్లకు అది తోడైతే నీళ్ళు ఇంకా లోపలికి వస్తాయి. తిథిని బట్టి పోటు వేళ చెప్పగల పల్లెకారుల తాతలు మీ ఊళ్ళో ఉంటారు. వాళ్ళతో ఒక ఆదివారం కూర్చోబెట్టండి.

ఈత నేర్పగలిగితే మంచిదే, కానీ కాలవలో సరదాగా దింపకండి. నేర్పే ఆడమనిషి, నడుం లోతు మించని చోటు, ఒడ్డున తాడుతో ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటేనే. అది కుదరకపోయినా గట్టు మీద నుంచి చేసే సాయం నేర్పొచ్చు. చున్నీ అందించడం, కర్ర అందించడం, మూత గట్టిగా బిగించిన ఖాళీ క్యాను తాడు కట్టి విసరడం. నీళ్ళలోకి దిగకూడదన్నదే ఇందులో మొదటి పాఠం. ఐదు లీటర్ల ఖాళీ క్యాను దాదాపు ఐదు కిలోల బరువును తేల్చుతుంది, రెండు కలిపి కడితే మనిషి తల నీటి పైన ఉంటుంది. మూత లోపల రబ్బరు వాషరు పోయి ఉంటే కాసేపట్లో నీళ్ళు నిండుతాయి, అందుకని ముందు బకెట్లో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి.

వాతావరణ మార్పు గురించి పాఠం చెప్పక్కర్లేదు, కొలిపించండి. వాన కొలిచేందుకు రెండు లీటర్ల సీసా చాలు. పక్కలు నిలువుగా ఉన్న చోట కోసి, పై ముక్కను తిరగేసి గరాటులా పెట్టాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్ళు వేసి, నిలువు భాగం మొదలయ్యే దాకా నీళ్ళు పోసి, ఆ గీతను సున్నా చేసి స్కేలు అంటించాలి. చెట్టుకు, గోడకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో పెట్టాలి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చదివి, నీళ్ళు మళ్ళీ సున్నా గీతకు తేవాలి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని వాతావరణ శాఖ లెక్క. ఏ అంకె దగ్గర ఏ వీధిలో నీళ్ళు నిలిచాయో పక్కన రాస్తూ పోతే, మూడేళ్ళకు మీ ఊరికి సొంత హెచ్చరిక గీత ఒకటి దొరుకుతుంది. కరువు జిల్లాల్లో రైతులు ఏపీ ఫామ్స్ ప్రాజెక్టులో ఇలాగే వాన, బోర్ల నీటిమట్టం తామే కొలిచి పంటలు నిర్ణయించుకున్నారు. లెక్క చేతిలో ఉన్నవాళ్ళ మాటకు బరువుంటుంది.

మీ దగ్గర వానకన్నా ఉప్పు ముఖ్యం. నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరుతో నెలకోసారి అన్ని చేతిపంపులు, బోర్లు చూడాలి. తాగునీటికి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. ప్రతిసారీ ఐదు నిమిషాలు పంపు కొట్టి పారబోశాకే పట్టాలి, మీటరు కొనను మంచినీళ్ళతో కడగాలి. లేదంటే ముందు పంపు ఉప్పు తర్వాత పంపు లెక్కలో పడుతుంది. ఏ పంపు ఏటికేడు పెరుగుతోందో, అది కొత్త చెరువు పక్కనుందో కాదో పటంలో కనిపిస్తుంది. జల్ జీవన్ మిషన్లో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్టు శిక్షణ ఇస్తారు. మీ ఊరి కిట్టు పెట్టె బీరువాలో ఉందేమో కనుక్కోండి, చాలాచోట్ల అక్కడే ఉంటుంది.

తుపాను తర్వాత బావికి బ్లీచింగు లెక్క కూడా పిల్లలే కట్టొచ్చు, వేసేది మాత్రం పంచాయతీ మనిషి. వెయ్యి లీటర్లకు మంచి బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు బావిలో మూడు మీటర్ల నీళ్ళుంటే దాదాపు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాములు. వరద కలిసిన మురికి నీళ్ళకు అది చాలదు, ముందు తోడించాలి. పౌడరు నేరుగా చల్లితే సున్నం అడుగున పేరుకుంటుంది. బకెట్లో కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైన తేటను మాత్రం పోయాలి, గంట ఆగి క్లోరిన్ చూడాలి. తెరిచి మూలన పడేసిన బస్తాలో ఘాటు పోయి ఉంటుంది, అది ఎంత వేసినా దండగే.

బడి తెరిచాక మొదటి నెల హాజరు రిజిస్టరు జట్టు కళ్ళతో చూడండి. వారం రోజులు వరసగా రాని అమ్మాయి పేరు మీకు, మీ నుంచి మహిళా పోలీసుకు చేరాలి. పెళ్ళి మాట వినపడితే 1098. పిల్లలు స్వయంగా వెళ్ళి పెళ్ళి ఆపమని అడగకూడదు, ఆ భారం పెద్దవాళ్ళదే. సరుకుల పంపిణీ దగ్గర అమ్మాయిలను క్యూ నిర్వహణకు పెట్టకండి, తిట్లు తినేది వాళ్ళే అవుతారు. ఫోటోలు తీసి ఊరు పేరుతో సహా పెట్టడం కూడా ఆపండి. పెద్ద ఆఫీసరు వస్తే పూలగుచ్ఛం ఇచ్చే పనికి ఈ జట్టును పిలవకండి. పిలిస్తే, ఆ పటం ముందు నిలబెట్టి రెండు నిమిషాలు చెప్పనివ్వండి.

ఇదంతా ఊరి కాగితాల్లోకి ఎక్కాలి. పద్దెనిమిది నిండని పిల్లలకు గ్రామసభలో ఓటు లేదు, కానీ బాల సభ, మహిళా సభ పెట్టి, అక్కడి తీర్మానాలను గ్రామసభకు పంపొచ్చు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది, అంటే కొలతలు సెప్టెంబరుకల్లా చేతిలో ఉండాలి. మూడే మూడు అడగండి. షెల్టరు మరుగుదొడ్లు, నీళ్ళ డ్రమ్ములు, రెండో తాళం. ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి, పారిశుద్ధ్యానికి విడిగా పెట్టే వాటా ఉంటుంది, మొదటి రెండూ అందులో పడతాయి. మూడోదానికి డబ్బే అక్కర్లేదు. ఇరవై కోర్కెల జాబితా ఇస్తే ఒక్కటీ జరగదు. విపత్తు కమిటీలో జట్టు తరఫున ఇద్దరు పిల్లలు, వాళ్ళ పక్కన తోడు తల్లి కూర్చుంటారని తీర్మానంలో రాయించండి. మినిట్స్‌లో వాళ్ళు చెప్పింది ఎక్కిందో లేదో తర్వాతి సమావేశంలో చదివించుకోండి.

ఖర్చు పెద్దగా లేదు. ముప్పై మీటర్ల టేపు ఒకటి, లెవెల్ పైపు ఇరవై మీటర్లు, స్టీలు స్కేళ్ళు రెండు, టీడీఎస్ మీటరు ఒకటి, గట్టి అట్ట రిజిస్టర్లు మూడు, ఈలలు పదహారు, టార్చీలు నాలుగు, ముగ్గుపిండి. సమావేశాల్లో వేరుశనగ ఉండలు పెట్టండి, షెడ్డు నుంచి నేరుగా వచ్చే పిల్లలకు ఆకలిగా ఉంటుంది. రిజిస్టర్లు పైన గదిలో, ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. కింది అరలో పెట్టి మొదటి తుపానుకే తడిపేసుకోకండి.